సబ్బు ఎక్కడుందో ముందు చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. పల్లెటూరి క్లినిక్‌కి వెళ్లి కొన్నాళ్లు స్వచ్ఛందంగా పనిచేస్తాం, జనానికి ఆరోగ్యం గురించి, శుభ్రత గురించి చెబుతాం, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని. 26 ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. మొదటి రెండేళ్లు మీలాగే జీతం లేకుండా వలంటీరుగా చేశాను. అందుకే ఈసారి పేజీ మొత్తం ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. చదివింది కామర్స్. వచ్చే నెల నుంచి మూడు నెలలు ఒక పల్లె క్లినిక్‌లో వలంటీరుగా చేరుతున్నాను. ఆరోగ్యం, పరిశుభ్రత మీద తరగతులు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. నలుగురు పిల్లల్ని పెంచిన తల్లి ఎదురుగా కూర్చుంటే ఆమెకు నేనేం చెప్పగలను? ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. చార్టులు తయారుచేసుకుంటున్నాను. ఇంకేం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: ఆ టెన్షన్ మంచిదేనమ్మా. ‘నేనేం చెప్పగలను’ అనుకునే మనిషి ఎదుటివాళ్ల మాట వింటుంది.

చార్టులు తీసుకెళ్లండి కానీ మొదటి వారం సంచిలోంచి తీయకండి. ఆ వారమంతా క్లినిక్ బెంచీ మీద కూర్చోండి. ఎవరు ఎంత దూరం నుంచి వస్తున్నారు, ఎంతసేపు ఎదురుచూస్తున్నారు, చంటిపిల్ల తల్లి గుడ్డ మార్చాలంటే ఎక్కడికి వెళ్తోంది, చెయ్యి కడుక్కోవడానికి ఆవరణలో నీళ్లున్నాయా, నీళ్ల పక్కన సబ్బుందా, చూడండి. క్లినిక్‌లోనే సబ్బు లేకపోతే చేతులు కడుక్కోండని గోడల మీద ఎన్ని బొమ్మలు అంటించినా ఎవరూ నమ్మరు. మీ మొదటి పని అక్కడే దొరకొచ్చు. తర్వాత ఆ ఊళ్లో ఏళ్లుగా తిరుగుతున్న నర్సునో ఆరోగ్య కార్యకర్తనో అడిగి, వాళ్ల వెంట ఇళ్లకు వెళ్లండి. మీరు మూడు నెలల్లో వెళ్లిపోతారు, ఆమె అక్కడే ఉంటుంది. ఆమె మాటకు విలువ పెరిగేలా మీరు నడుచుకోవాలి.

ఇళ్లల్లో నేనైతే ముందు సబ్బు ఎక్కడుందో చూస్తాను. నాకు ఆ అలవాటు ఎలా వచ్చిందో చెబుతాను.

నేను చేరిన కొత్తలో ఒక ఊళ్లో మూడు నెలలపాటు వారం వారం చేతుల శుభ్రత గురించి చెప్పాను. ఎప్పుడెప్పుడు కడుక్కోవాలని అడిగితే పిల్లలతో సహా అందరూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లు. దొడ్డికి వెళ్లొచ్చాక, పసిపిల్లకు కడిగాక, వంట మొదలుపెట్టే ముందు, తినే ముందు, పిల్లకు తినిపించే ముందు. అన్నీ సరిగ్గానే చెప్పేవాళ్లు. విరేచనాలతో క్లినిక్‌కి వచ్చే పిల్లలు మాత్రం ఎప్పటిలాగే వస్తూనే ఉన్నారు. ఇంత చెప్పినా వినరేమని నాకు లోలోపల కోపం కూడా వచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం ఒకావిడ ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఆమె రెండేళ్ల బాబుకి కడిగి, వాణ్ని చంకనేసుకుని వచ్చింది. మరుగుదొడ్డి పెరట్లో ఈ చివర ఉంది. సబ్బేమో ఆ చివర స్నానాల గదిలో, పైన గూట్లో ఉంది. కింద పెడితే బాబు తీసి నీళ్లల్లో పడేస్తాడు, నాని అరిగిపోతుంది, అందుకని అక్కడ దాచుకుంది. మధ్యలో పెరడంతా దాటాలి. చంకలో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, పొయ్యి మీద ఏదో పొంగిపోతోంది. ఆమె చెంబుతో ఇన్ని నీళ్లు పోసుకుని, తడిచెయ్యి ఒంటిమీద బట్టకు తుడుచుకుని పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

నా పాఠం ఆమెకు కంఠతా వచ్చు. ఇంట్లో సబ్బు కూడా ఉంది. కావలసిన క్షణంలో చేతికి అందలేదు, అంతే. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఒక సబ్బుముక్కను పాత వలగుడ్డలో మూటకట్టి, మరుగుదొడ్డి తలుపు పక్కన, నీళ్ల బకెట్‌కి పైన తాడుతో వేలాడదీశాం. వలలోంచే చేతులకు రుద్దుకోవచ్చు. నీళ్లు కారిపోతాయి కాబట్టి సబ్బు నానదు, నేలపాలూ కాదు. వారం తిరిగేసరికి పక్కింట్లో కూడా అలాంటి మూట కనిపించింది. ఆ ఇంటావిడకు నేనేమీ చెప్పలేదు. చూసి కట్టుకుంది.

అలాగే తాగే నీళ్లు చూడండి. బిందె మీద మూత ఉందా? నీళ్లు దేనితో తీస్తున్నారు? పొడుగు కాడ ఉన్న గరిటెతో తీస్తే వేళ్లు నీళ్లకు తగలవు. గ్లాసునే ముంచి తీస్తే కాచి చల్లార్చిన నీళ్లయినా వేళ్లతోపాటు మళ్లీ మురికవుతాయి. ఇలాంటివి చార్టులో ఉండవు, ఇంట్లో పది నిమిషాలు కూర్చుంటే కనిపిస్తాయి.

డాక్టరు పట్టా లేదన్న బెంగ మీకుంది కాబట్టి ఒక పాత సంగతి కూడా చెప్పాలి. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా సోకి 600 మందికి పైగా చనిపోయారు. అక్కడి చేతిపంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో చెప్పి, పంపు పిడిని తీయించిన సంగతి చాలామంది చదివే ఉంటారు. రెండో మనిషి గురించి తక్కువమందికి తెలుసు. ఆయన హెన్రీ వైట్‌హెడ్, ఆ పేటలోని చర్చిలో పనిచేసే యువ మతగురువు. వైద్యం చదువుకోలేదు. స్నో మాట మొదట నమ్మలేదు, అది తప్పని రుజువు చేద్దామనే ఇల్లిల్లూ తిరిగాడు. అక్కడి కుటుంబాలన్నీ ఆయనకు తెలుసు. ఎవరు చనిపోయారు, ఎవరు బతికారు, ఎవరు ఏ నీళ్లు తాగారు అని ఓపిగ్గా అడిగి రాసుకుంటూ పోయేసరికి స్నో చెప్పిందే నిజమని ఆయనకే తేలింది. పంపు ఎదుటి ఇంట్లో విరేచనాలతో చనిపోయిన పసిపాప సంగతి బయటపెట్టింది కూడా ఆయనే. పాప గుడ్డలు నానబెట్టిన నీళ్లను తల్లి ఇంటి ముందున్న మురుగుగుంటలో పోసేది. తవ్వి చూస్తే ఆ గుంటకీ, పంపు కింది బావికీ మధ్య మూడడుగుల దూరం కూడా లేదు.

ఒక తల్లి ఆ మాట నమ్మకంగా చెప్పుకోగలిగింది ఇంటికొచ్చి కూర్చుని అడిగిన మనిషితో. మీరు చేయగలిగిన పని అది. పసిపిల్లల మలం హాని చేయదని ఇప్పటికీ చాలా ఇళ్లల్లో అనుకుంటారు. పెద్దవాళ్లదానికంటే అది ఏమాత్రం తక్కువ ప్రమాదం కాదు. ఆ గుడ్డలు ఎక్కడ ఉతుకుతున్నారు, ఆ నీళ్లు ఎటు పోతున్నాయి, మీ ఊళ్లో కూడా అడిగి చూడండి. నలుగురు పిల్లల్ని పెంచిన తల్లి ఉంటే ఆమెనే ముందు అడగండి.

ప్రశ్న: నెలన్నరగా ఒక క్లినిక్‌లో తల్లులకు విరేచనాలు, ఓఆర్ఎస్ గురించి చెబుతున్నాను. చివర్లో ‘అర్థమైందా’ అంటే అందరూ ‘అయింది’ అంటారు. నిజంగా అయిందో లేదో తెలుసుకునేదెలా?

జవాబు: ‘అర్థమైందా’ అని అడగడం మానేయండి. దానికి ‘లేదు’ అని చెప్పాలంటే నలుగురిలో తలవంపులుగా ఉంటుంది. చెప్పడం అయ్యాక ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టు, గిన్నె, నీళ్లు, చెంచా వాళ్ల ముందు పెట్టండి. ‘నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంట్లో ఎలా కలుపుతారో ఒకసారి కలిపి చూపించండి’ అనండి. అప్పుడు పరీక్ష మీకవుతుంది, వాళ్లకు కాదు.

నేను ఇది నేర్చుకున్న రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. లీటరు నీళ్లలో కలపాలని ఆ పూట నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒకావిడ ముందుకొచ్చి ప్యాకెట్టు మూల పళ్లతో చించింది. గ్లాసు నిండా నీళ్లు తీసుకుంది. ప్యాకెట్టులో సగం అందులో వంచి, మిగతా సగం మడిచి పక్కన పెట్టింది. చెంచాతో తిప్పి, ‘ఇంతేగా’ అన్నట్టు నా వంక చూసింది. ఎందుకలా అని అడిగితే, ‘పిల్ల గ్లాసుకు మించి తాగదమ్మా. లీటరు కలిపితే పారబోయాల్సిందేగా, అందుకని సగం రేపటికి ఉంచాను’ అంది. ఆమె లెక్కలో నిర్లక్ష్యం లేదు, పొదుపు ఉంది. కానీ లీటరుకు సరిపోయే ఉప్పులో సగం ఒక్క గ్లాసులో కలిపి తాగిస్తే పసిపిల్ల ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. ఫిట్స్ కూడా రావొచ్చు. కలిపి చూపించమని అడగకపోయి ఉంటే ఆమె అదే ఇంటికెళ్లి చేసేది. తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. లీటరు అన్న మాటను గాల్లో వదలను. ఎవరింటి గిన్నె వాళ్లను తెచ్చుకోమంటాను. కొలిచి లీటరు నీళ్లు పోసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ గీత పెట్టిస్తాను. ఆ గిన్నె ఇంట్లో ఉన్నంతకాలం కొలత గుర్తుంటుంది. ప్యాకెట్లు అన్నీ లీటరువి కావు, 200 మిల్లీలీటర్లకు సరిపోయేవీ ఉంటాయి. కాబట్టి ప్యాకెట్టు మీద ఎంత రాసి ఉందో చదివి చూపించాలి, చదవడం రానివాళ్లకు అంకె గుర్తుపట్టడం నేర్పాలి. ప్యాకెట్టు ఎంత నీటికైతే అంత నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి, అది వృథా కాదని కూడా చెప్పాలి. ప్యాకెట్టు దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. స్పూను మీద గుట్టగా రాకుండా అంచుకు సమం చేసి కొలవాలి. ఉప్పు ఎక్కువ పడితేనే ప్రమాదం కాబట్టి అక్కడ రెండుసార్లు చేయించండి.

రెండేళ్ల లోపు పిల్లకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసు పిల్లలకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. కళ్లు గుంటలు పడినా, పిల్ల మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో చూసుకుందామని ఆగకుండా వెంటనే క్లినిక్‌కి తేవాలి. ఈ నాలుగు గుర్తులు మాత్రం ఒక్కొక్కరి చేత పైకి చెప్పించండి. విరేచనాలప్పుడు 10 నుంచి 14 రోజులు ఇచ్చే జింక్ మాత్ర సంగతి నర్సు చెబుతారు. మొదలుపెట్టిన మాత్ర విరేచనాలు తగ్గాక మధ్యలో ఆపొద్దని మీరు గుర్తుచేస్తే చాలు.

ఇంత చిన్న పనికి ఇంత పట్టుదల ఎందుకంటారేమో. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరాల్లో కలరా ప్రబలినప్పుడు ఎక్కించడానికి సెలైన్ కరువైంది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ బృందం ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి ఉంచింది. రోగుల పక్కనున్న ఇంటివాళ్లే కప్పులతో తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి వచ్చాయి. ప్రాణాలు నిలబెట్టిన ఆ చేతుల్లో ఎక్కువ భాగం వైద్యం తెలియనివి. మీ ఎదురుగా కూర్చున్న తల్లులవి కూడా అలాంటి చేతులే.

చేతులు కడగడం కూడా ఇలాగే చేయించి చూపించవచ్చు. కాస్త నూనెలో మెత్తటి బొగ్గుపొడి కలిపి చేతులకు రాసి, కళ్లు మూసుకుని ఎప్పటిలా సబ్బుతో కడుక్కోమనండి. కళ్లు తెరిచేసరికి అరచేతులు తెల్లగా ఉంటాయి. బొటనవేళ్ల చుట్టూ, వేళ్ల సందుల్లో, గోళ్ల చివర్లలో నలుపు అలాగే ఉంటుంది. ఇక మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. 20 సెకన్లు ఎందుకు రుద్దమంటారో ఆ బొటనవేలే చెబుతుంది.

ప్రశ్న: నేను తరగతులు చెప్పడానికే వచ్చాను. కానీ ఊళ్లోవాళ్లు జ్వరానికి మాత్ర ఇవ్వమంటారు, రిపోర్టులు చూపించి ఏముందో చెప్పమంటారు. కాదంటే నొచ్చుకుంటున్నారు. చిన్న చిన్న మాత్రలైతే ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకూడదు. చిన్న మాత్ర అని ఏదీ లేదు. ఏ మాత్ర ఎవరికి పడదో, ఇప్పటికే ఏం వాడుతున్నారో, కడుపుతో ఉన్నారో లేదో తేల్చుకోవడానికి శిక్షణ కావాలి. మంచి మనసుతో ఇచ్చిన మాత్ర కూడా చెడు చేయగలదు.

అలాగని ‘నా పని కాదు’ అని ముఖం మీద అనొద్దు. ‘నాకు తెలియదు, తెలిసినవాళ్ల దగ్గరికి నేను తోడొస్తాను’ అనండి. ఆ మాట అని నిజంగా లేచి వెంట వెళ్లండి. ఎప్పటినుంచి జ్వరం, ఏం వాడారు అన్నది వాళ్లు చెబుతుండగా కాగితం మీద రాసి చేతికివ్వండి, నర్సుకు సగం పని తగ్గుతుంది. ఇలా రెండుసార్లు చేస్తే ఎవరూ నొచ్చుకోరు. మీకు చెప్పిన జబ్బుల సంగతులు మాత్రం క్లినిక్ గడప దాటకూడదు. పల్లెలో ఒక ఇంటి విషయం ఇంకో ఇంటికి చేరితే ఆ తర్వాత మీకు ఎవరూ ఏదీ చెప్పరు, అవసరమైనది కూడా చెప్పరు.

మీ సంగతి కూడా చూసుకోండి. వెళ్లేముందు ధనుర్వాతం, హెపటైటిస్ బి టీకాలు సరిగా ఉన్నాయో లేదో డాక్టర్ని అడగండి. క్లినిక్‌లో వాడిన సూదులున్న డబ్బా జోలికి, సాయం చేద్దామని కూడా వెళ్లొద్దు.

ప్రశ్న: క్లినిక్ తరఫున బడిలో ఆడపిల్లలకు నెలసరి శుభ్రత గురించి చెప్పమన్నారు. నేను మగవాణ్ని. చెప్పొచ్చా?

జవాబు: మీరడిగారు చూడండి తమ్ముడూ, అదే సంతోషం. ఆ పిల్లలకు ఆ మాటలు నర్సు గానీ, వాళ్లకు చనువున్న టీచరమ్మ గానీ చెబితే బాగుంటుంది. అడగాలనుకున్నవి అడుగుతారు. ప్యాడ్ గానీ గుడ్డ గానీ 4 నుంచి 6 గంటలకోసారి మార్చుకోవాలని, గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలని, మూల చీకట్లో ఆరేస్తే తేమ పోదని వాళ్లు చెబుతారు.

మీకు అంతకంటే ముఖ్యమైన పని ఉంది. బడి మరుగుదొడ్డికి లోపలి గడియ పడుతుందా? నీళ్లు లోపలే ఉన్నాయా, బయటినుంచి బకెట్‌తో మోసుకెళ్లాలా? వాడింది వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా? గడియ లేని తలుపు వెనక ఏ పిల్లా ప్యాడ్ మార్చుకోదు. ఆ గడియ బిగించే పని మీరు పట్టుకోండి. మగపిల్లలను వేరే గదిలో కూర్చోబెట్టి, ఇది ఒంట్లో జరిగే మామూలు సంగతని, ఎగతాళి చేస్తే ఎంత బాధపడతారో చెప్పేది కూడా మీరే అవ్వాలి. అది మీరు చెబితేనే వింటారు. పిల్లలతో ఉన్నప్పుడు పక్కన ఇంకో పెద్దవాళ్లు ఉండేలా చూసుకోండి, ఎప్పుడూ.

ప్రశ్న: చేసిన పనికి గుర్తుగా పిల్లలతో, రోగులతో ఫొటోలు తీసుకుని పెట్టుకోవచ్చా?

జవాబు: జబ్బుతో ఉన్న మనిషి ఫొటో తీయకండి. ‘సరే’ అన్నా కూడా, వైద్యం కోసం వచ్చినచోట ‘వద్దు’ అనే ధైర్యం అందరికీ ఉండదు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల్ని, క్లినిక్ వాళ్లను అడగకుండా ఏదీ వద్దు. వేలాడదీసిన సబ్బుమూట ఫొటో తీసుకోండి, గీత పెట్టిన గిన్నె ఫొటో తీసుకోండి. మీ తర్వాత వచ్చే వలంటీరుకు పనికొస్తాయి.

ప్రశ్న: నాకు ఉద్యోగంలో రెండు వారాలకు మించి సెలవు దొరకదు. అంత తక్కువ సమయానికి వెళ్లి ఉపయోగం ఉందా?

జవాబు: తరగతులు చెప్పడానికైతే వెళ్లకండి. ఊరివాళ్లు మీ పేరు గుర్తుపట్టేలోపు తిరుగు ప్రయాణం అవుతుంది. అక్కడివాళ్లకు చేయడానికి తీరిక లేని పని ఏముందో ముందే ఫోన్ చేసి అడగండి. ఓపీ బయట చేతులు కడుక్కునే చోటు కట్టడం, పాత రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, పేలిపోయిన పైపు మార్చడం, ఏదో ఒకటి చెబుతారు. వాళ్లు చెప్పిందే చేయండి. కాలితో నొక్కితే డబ్బా వంగి నీళ్లు పడే ఏర్పాటైతే కుళాయి లేనిచోట కూడా ఒక్క పూటలో అయిపోతుంది. అయిదు లీటర్ల ఖాళీ డబ్బా, నాలుగు కర్రలు, తాడు, మేకు కాల్చి డబ్బాకు పెట్టిన రంధ్రం ఉంటే చాలు. తాడు తెగితే మళ్లీ కట్టడం వచ్చిన మనిషి ఆ ఊళ్లో ఒకరుండాలి కాబట్టి, కట్టేటప్పుడు క్లినిక్ ఆయాను పక్కన నిలబెట్టుకోండి. రెండోది ఆమె చేతే కట్టించండి.